స్టేడియం బయట స్కాల్పర్ల దగ్గర టికెట్ కొనొచ్చా? మంచి సీటు చవగ్గా దొరికే దారి

వచ్చిన ప్రశ్న క్లుప్తంగా ఇది. న్యూజెర్సీ ఎడిసన్‌లో ఉండే దంపతులు. జూలైలో ఇండియా నుంచి అమ్మానాన్నలు వస్తున్నారు. నలుగురూ కలిసి న్యూయార్క్ యాంకీస్ జట్టు ఆడే యాంకీ స్టేడియంలో ఒక బేస్‌బాల్ ఆట చూడాలని ఆశ. క్లబ్ (జట్టు) సైట్‌లో మంచి సీట్ల ధరలు చూస్తే గుండె ఆగినంత పనైంది. ఆఫీసులో ఒకాయనేమో "బయట నిలబడే స్కాల్పర్ల (బ్లాక్‌లో టికెట్లు అమ్మేవాళ్ళ) దగ్గర సగం ధరకే వస్తాయి" అన్నారట. నిజమేనా, మోసం ఉండదా, ఎప్పుడు కొనాలి?

నేను న్యూజెర్సీలో చాలా ఏళ్ళుగా ఉంటూ బేస్‌బాల్, బాస్కెట్‌బాల్, హాకీ చూస్తున్నవాణ్ణి. టికెట్లు ఎక్కువగా చేతులు మారినవే కొంటాను. మీ ఆఫీసాయన చెప్పింది అబద్ధం కాదు, కానీ సగమే చెప్పారు. ఎవరి దగ్గర కొంటున్నామన్నది రెండో సంగతి. ఏ ఆట, ఏ రోజు, ఏ గంటకి కొంటున్నామన్న దాన్ని బట్టే ధర తేలుతుంది. తప్పు ఆట ఎంచుకుంటే ఎంత బేరమాడే మొనగాడైనా జేబు ఖాళీ చేసుకోవలసిందే.

మన దగ్గర బ్లాక్ అంటే ధర పైకే పోతుంది. ఉప్పల్‌లో ఇండియా మ్యాచ్ అంటే సీట్లు తక్కువ, కావాలనేవాళ్ళు లక్షల్లో. 2022 సెప్టెంబరులో ఇండియా-ఆస్ట్రేలియా టీ20 టికెట్ల కోసం సికింద్రాబాద్ జింఖానా మైదానం దగ్గర తొక్కిసలాటే జరిగింది. ఆ అనుభవంతో పెరిగినవాళ్ళకి 'బ్లాక్‌లో చవగ్గా' అన్న మాటే వింతగా వినిపిస్తుంది. ఇక్కడ బేస్‌బాల్ లెక్క వేరు. ఒక్కో జట్టు సొంత మైదానంలో సీజన్‌కి 81 ఆటలు ఆడుతుంది. యాంకీ స్టేడియంలో 46 వేలకు పైగా సీట్లు. గుణించి చూడండి, ఒక్క జట్టుకే ఏడాదికి 37 లక్షలకు పైగా టికెట్లు. ఏప్రిల్ చలిలో, మంగళవారం రాత్రి, పాయింట్ల పట్టికలో అడుగున ఉన్న జట్టు వచ్చినా సరే, ఆ రోజు 46 వేల సీట్లూ అమ్ముడవ్వాలి.

ఆ టికెట్లలో పెద్ద భాగం సీజన్ టికెట్లుగా (సీజన్ ఆటలన్నిటికీ కలిపి ఒకే సీటు) ముందే వెళ్ళిపోతుంది. కొనేది లా ఫర్మ్‌లు, బ్యాంకులు, తరాలుగా అదే సీటు పట్టుకున్న కుటుంబాలు, టికెట్లు కొని తిరిగి అమ్మే బ్రోకర్లు. ఉద్యోగం, పిల్లలు ఉన్న మనిషి 81 సాయంత్రాలు స్టేడియానికి పోగలడా? మిగిలినవి అమ్మకానికి పెడతాడు. బ్రోకర్ సంగతి ఇంకా ఆసక్తిగా ఉంటుంది. ఆయన సీజన్ టికెట్ కొనేది పాత ప్రత్యర్థి బోస్టన్ రెడ్ సాక్స్ వచ్చే వారాంతాల కోసం, అక్టోబరులో ప్లేఆఫ్‌ల కోసం. పెట్టుబడి, లాభం అక్కడే రాబట్టుకుంటాడు. మామూలు బుధవారం టికెట్లు ఆయన నెత్తిన పడ్డ సరుకు. ఆట అయిపోయాక ఆ టికెట్ చిత్తుకాగితం. అందుకే వచ్చినంతకి వదిలించుకుంటాడు. మీకు కావలసింది ఆ బుధవారమే.

'సోల్డ్ అవుట్' అన్న మాట చూసి బెదరకండి. రెడ్ సాక్స్ సొంత మైదానం బోస్టన్ ఫెన్‌వే పార్క్‌లో 2003 మే నుంచి 2013 ఏప్రిల్ దాకా వరసగా 820 ఆటలు హౌస్‌ఫుల్ అని క్లబ్ లెక్కగట్టింది. ఆ పదేళ్ళలోనే 2012 కూడా ఉంది. ఆ ఏడాది రెడ్ సాక్స్ 69 గెలిచి 93 ఓడారు. జట్టు అలా ఓడుతున్నా బోర్డు మాత్రం హౌస్‌ఫుల్లే. క్లబ్ కౌంటర్లో టికెట్ అయిపోవడం వేరు, ఊళ్ళో టికెట్ దొరక్కపోవడం వేరు. కౌంటర్లో అయిపోయిన టికెట్లు ఎవరో ఒకరి ఫోన్లో ఉంటాయి, వాళ్ళలో కొందరికి ఆ సాయంత్రం రావడం కుదరదు.

క్లబ్బులు కూడా ధర తప్పుగా వేస్తాయి. 2009లో యాంకీస్ కొత్త స్టేడియం తెరిచినప్పుడు మైదానానికి ఆనుకుని ఉన్న కొన్ని సీట్లకి ఆటకి 2,500 డాలర్లు పెట్టారు. టీవీలో హోమ్ ప్లేట్ (బ్యాటర్ నిలబడే చోటు) వెనక ఆ సీట్లు ఖాళీగా కనిపించి పరువు పోయింది. నెల తిరక్కుండానే చాలావాటి ధర సగానికి సగం, 1,250కి దించారు. అదే ఏడాది శాన్‌ఫ్రాన్సిస్కో జెయింట్స్ మరో దారి పట్టింది. ఎదుటి జట్టు, వారం, వాతావరణం చూసి ధర రోజూ మార్చే పద్ధతిని కొన్ని సీట్లతో మొదలుపెట్టి, మరుసటి ఏడాది స్టేడియం అంతటికీ పెట్టింది. ఇప్పుడు చాలా క్లబ్బులది అదే దారి. కాబట్టి ముందు క్లబ్ సైట్ కూడా చూడండి. చవక ఆటలకి ఒక్కోసారి క్లబ్ ధరే తక్కువుంటుంది. జనం ఇది మరిచిపోయి నేరుగా రీసేల్ యాప్‌కి (చేతులు మారిన టికెట్లు అమ్మే యాప్‌కి) పోతారు.

ఇక ఆట ఎంచుకోవడం. సోమవారం నుంచి గురువారం దాకా చవక. శుక్రవారం పెరుగుతుంది, శనివారం శిఖరం. రెడ్ సాక్స్, న్యూయార్క్‌లోనే ఉన్న మరో జట్టు మెట్స్ వచ్చే రోజులు మీ జాబితాలోంచి కొట్టేయండి. జపాన్ స్టార్ ఒహ్తానీ ఉన్నంతకాలం లాస్ ఏంజెలెస్ డాడ్జర్స్‌ని కూడా. బొమ్మలు, టోపీలు ఉచితంగా పంచే రోజులుంటాయి. ఆ రోజు టికెట్‌లో బొమ్మ ఖరీదు కలిసే ఉంటుందనుకోండి. బుధ, గురువారాల్లో అప్పుడప్పుడు మధ్యాహ్నం ఆటలు పెడతారు, ఎదుటి జట్టు ఆ సాయంత్రమే వేరే ఊరికి ఎగిరిపోవాలి కాబట్టి. ఆఫీసులున్నవాళ్ళు రాలేరు. సెలవు పెట్టగలిగితే సీజన్లో అంత మంచి బేరం ఇంకోటి ఉండదు. కాకపోతే జూలై ఎండ సంగతి కింద చెబుతాను. జూలై మధ్యలో ఆల్-స్టార్ విరామం (అన్ని జట్ల మేటి ఆటగాళ్ళు కలిసి ఆడే ఆట కోసం) వస్తుంది, ఆ నాలుగైదు రోజులు మామూలు ఆటలే ఉండవు. అమ్మానాన్నల తిరుగు ప్రయాణం అప్పుడైతే ముందే చూసుకోండి.

జట్టు ఓడుతుంటే ఇంకా మంచిది (మనకి, జట్టుకి కాదు). 2024లో షికాగో వైట్ సాక్స్ 121 ఆటలు ఓడి ఆధునిక బేస్‌బాల్‌లో రికార్డు సృష్టించారు. ఓడే జట్టయినా ఎదుట ఆడేవాళ్ళు మేజర్ లీగ్ (బేస్‌బాల్‌లో పై మెట్టు) ఆటగాళ్ళే. బేస్‌బాల్ మొదటిసారి చూస్తున్న మీ నాన్నగారికి ఎవరు ఎన్ని ఓడారన్నది అనవసరం. బంతి గాల్లోకి లేచి జనం లేచి నిలబడితే ఆయనకి అదే పండగ.

వేరే ఆటల గురించి కూడా అడుగుతుంటారు కాబట్టి రెండు ముక్కలు. ఎన్‌బీఏ (బాస్కెట్‌బాల్), హాకీలో ఒక్కో జట్టుకి సొంతూళ్ళో నలభై చిల్లర ఆటలు. బేస్‌బాల్ అంత చవక కాదు, అయినా బేరాలుంటాయి. మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో నిక్స్ ఆటకి పెట్టే డబ్బుతో బ్రూక్లిన్‌లో నెట్స్ ఆటకి చాలా ముందు వరసలో కూర్చోవచ్చు. చలికాలంలో మీరు ఎడిసన్ నుంచి రైలెక్కి నూవర్క్ పెన్ స్టేషన్‌లో దిగితే డెవిల్స్ హాకీ ఆడే ప్రుడెన్షియల్ సెంటర్ నడక దూరమే, మన్‌హాటన్ దాకా పోనక్కర్లేదు. ఎన్‌ఎఫ్‌ఎల్‌లో (అమెరికన్ ఫుట్‌బాల్) సొంతూళ్ళో ఆడేది ఎనిమిదో తొమ్మిదో ఆటలు. అక్కడ చవక అన్న మాట మరిచిపోండి. క్రికెట్ అయితే 2024 టీ20 ప్రపంచకప్ గుర్తుందిగా. న్యూయార్క్ శివార్లలోని ఐసన్‌హోవర్ పార్క్‌లో 34 వేల సీట్లతో తాత్కాలిక స్టేడియం కట్టారు. జూన్ 9న ఇండియా-పాకిస్తాన్ ఆట, ఒక్కటే. రీసేల్ సైట్లలో వేల డాలర్లు అడిగారు. 81 ఆటల్లో ఒకటి వదిలేస్తే రేపు ఇంకోటుంది. ఆ మ్యాచ్ వదిలేస్తే మళ్ళీ ఎప్పుడో తెలీదు, అందుకే అమ్మేవాడిది పైచేయి అయింది.

ఎప్పుడు కొనాలన్నది అసలు కళ. మామూలు బేస్‌బాల్ ఆటకి టికెట్ ధర ఆట రోజు ఉదయం నుంచి జారుతుంది, చివరి రెండు గంటల్లో గబగబా పడుతుంది. చీకటి పడేవేళ రైతు బజార్లో ఆకుకూర కట్టలు అమ్మేవాడి మొహం చూడండి, మీకు ధర ఆయనే తగ్గిస్తాడు. ఆట మొదలయ్యాక కూడా అమ్మే యాప్‌లున్నాయి, గేమ్‌టైమ్ అందులో ఒకటి. మొదటి ఇన్నింగ్స్ (తొమ్మిదిలో ఒకటి, క్రికెట్‌లోలా సగం ఆట కాదు) పోయినా పర్లేదనుకుంటే ఇంకా తక్కువకి దొరుకుతాయి. వర్షం పడొచ్చని ఫోర్‌కాస్ట్ వస్తే ధర మరీ పడిపోతుంది. పడొచ్చు, పడకపోవచ్చు అన్నట్టున్న రోజు నేను తప్పకుండా చూస్తాను. ఆట వాయిదా పడితే అదే టికెట్ మళ్ళీ పెట్టే తేదీకి మామూలుగా చెల్లుతుంది, డబ్బు మాత్రం వెనక్కి రాదు. మనలాంటి ఊళ్ళో ఉన్నవాళ్ళకి ఇబ్బంది లేదు. నెలలో విమానం ఎక్కేసే అమ్మానాన్నలతో మాత్రం ఈ ఆట ఆడకండి.

ఆగితే ప్రతిసారీ తగ్గుతుందన్న ధీమా కూడా వద్దు. 2015 ఫిబ్రవరి 1న అరిజోనాలో సూపర్ బౌల్ (ఎన్‌ఎఫ్‌ఎల్ ఫైనల్) జరిగింది, పేట్రియాట్స్, సీహాక్స్ జట్ల మధ్య. చాలామంది బ్రోకర్లు చేతిలో లేని టికెట్లని ముందే అమ్మేశారు. చివర్లో ధర పడుతుంది, అప్పుడు కొని ఇచ్చేద్దామన్నది వాళ్ళ లెక్క. పడలేదు. అమ్మినవాళ్ళే కొనడానికి ఎగబడటంతో చివరి రోజుల్లో అతి తక్కువ సీటు కూడా దాదాపు పదివేల డాలర్లకి చేరింది. టికెట్ కొన్నామనుకుని విమానం దిగిన అభిమానులు చాలామందికి సీటు రాలేదు, డబ్బు మాత్రం వెనక్కి వచ్చింది. ఇందులో మీకు పనికొచ్చేది ఒకటుంది. రీసేల్ సైట్ ఇచ్చే గ్యారంటీ డబ్బుకే గానీ ఆటకి కాదు. టికెట్ జాబితాలో వరస నంబరు లేకుండా 'ఫలానా జోన్‌లో ఎక్కడో ఒకచోట' అని ఉంటే, తేదీకి నెలల ముందే పెట్టి ఉంటే, అమ్మేవాడి చేతిలో ఇంకా టికెట్ లేదేమోనని అనుమానించండి.

పెద్ద టోర్నమెంట్లలో వేరే కిటుకు ఉంది. కాలేజీ బాస్కెట్‌బాల్ ఫైనల్ ఫోర్‌లో శనివారం రెండు సెమీఫైనల్స్, సోమవారం ఫైనల్. చాలామంది రెండు రోజులకీ కలిపి టికెట్ కొంటారు. శనివారం రాత్రి ఓడిన రెండు జట్ల అభిమానులకి సోమవారం టికెట్ చూడటానికే మనసు ఒప్పదు. వాళ్ళు ఇంటిదారి పట్టే ఆ రాత్రీ మర్నాడూ కొనాలి.

యాప్‌ల మాటకొస్తే స్టబ్‌హబ్, సీట్‌గీక్, టిక్‌పిక్, వివిడ్ సీట్స్, గేమ్‌టైమ్, క్లబ్ అధికారిక రీసేల్, అన్నిట్లోనూ చాలావరకు అదే సరుకు. బ్రోకర్ ఒకే టికెట్‌ని నాలుగు చోట్లా పెడతాడు. తేడా వచ్చేది ఫీజులో. ఒకప్పుడు 40 డాలర్లని చూపించి, డబ్బు కట్టే పేజీలో 54 చేసేవాళ్ళు. న్యూయార్క్ రాష్ట్రం 2022లో మొత్తం ధర ముందే చూపాలని చట్టం తెచ్చింది. 2025 మే 12 నుంచి దేశమంతటా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ నియమం కూడా అదే చెబుతోంది. ఇప్పుడు పోల్చుకోవడం తేలికైంది. రెండు యాప్‌లలో అదే సెక్షన్, అదే వరస వెతికి మొత్తం ధర చూడండి చాలు. సీట్‌గీక్ ప్రతి టికెట్‌కి పదికి ఇంత అని మార్కు వేస్తుంది. అది సరదాకి పనికొస్తుంది గానీ ఎండ ఎక్కడ పడుతుందో, మోకాళ్ళ నొప్పులున్న మనిషి ఎన్ని మెట్లు ఎక్కాలో ఆ మార్కుకి తెలీదు. గూగుల్‌లో స్టేడియం పేరు కొడితే మొదట వచ్చే ప్రకటనలు క్లబ్ సైట్ లాగే అలంకరించుకున్న రీసేల్ సైట్లవి కావొచ్చు, అడ్రసు చూసి నొక్కండి.

సరే, ఇప్పుడు బయట నిలబడే మనిషి. యాంకీ స్టేడియం దగ్గర 161వ వీధి స్టేషన్‌లో 4, బి, డి రైళ్ళు ఆగుతాయి. దిగి వస్తుంటే "టికెట్స్, టికెట్స్" అని గొణుగుతూ ఎదురొస్తారు. కొందరి చేతిలో 'నాకు టికెట్లు కావాలి' అన్న అట్ట ఉంటుంది. అది కొనేవాడని చెప్పే బోర్డులా ఉన్నా, కొనేదీ అమ్మేదీ ఆయనే. స్నేహితుడు రాక ఒక టికెట్ మిగిలిపోయిన మనిషి దగ్గర కారుచౌకగా కొని, పది నిమిషాల్లో మీకు అమ్ముతాడు. న్యూయార్క్‌లో టికెట్ మీద లాభానికి హద్దు పెట్టిన చట్టాలకి పెద్ద చరిత్రే ఉంది. ముఖ విలువ (టికెట్ మీద అచ్చయిన ధర) మీద 50 సెంట్లకి మించకూడదన్న నియమాన్ని 1927లో అమెరికా సుప్రీంకోర్టు కొట్టేసింది. తర్వాత మళ్ళీ హద్దులు వచ్చాయి. 2007లో రాష్ట్రం వాటిని ఎత్తేసింది. కానీ ఐదువేలకు పైగా సీట్లున్న స్టేడియం చుట్టూ 1,500 అడుగుల లోపల, అంటే సుమారు 450 మీటర్లలో, వీధిలో తిరిగి అమ్మడం ఇప్పటికీ నేరమే. పోలీసుల కన్ను ఎక్కువగా అమ్మేవాడి మీదే ఉంటుంది. అయినా గేటు ముందు బేరమాడేవాడు హడావిడిగా ఉంటాడు, హడావిడిలోనే మనం మోసపోతాం. దూరంగా ఉన్నవాడితోనే మాట్లాడండి. ఊరు మారితే రూలు మారుతుంది, న్యూయార్క్ నియమం చూసుకుని వేరే రాష్ట్రంలో ధైర్యం చేయకండి.

ఫోన్ టికెట్లు వచ్చాక వీధి బేరం స్వరూపమే మారిపోయింది. 2016లో యాంకీస్ ఇంట్లో ప్రింట్ తీసుకునే టికెట్లని ఆపేసింది, మిగతా క్లబ్బులూ ఆ దారే పట్టాయి. ఇప్పుడు టికెట్ ఉండేది యాప్‌లో. బేస్‌బాల్‌కి ఎంఎల్‌బీ (మేజర్ లీగ్) బాల్‌పార్క్ యాప్, చాలా ఎన్‌బీఏ, ఎన్‌ఎఫ్‌ఎల్ ఆటలకి టికెట్‌మాస్టర్. టికెట్‌మాస్టర్ టికెట్ మీద బార్‌కోడ్ క్షణక్షణం మారుతుంది కాబట్టి స్క్రీన్‌షాట్‌కి విలువ లేదు. ఎవరైనా కాగితం చూపినా, స్క్రీన్‌షాట్ పంపుతానన్నా నమస్కారం పెట్టి కదలండి. నిజమైన టికెట్ ట్రాన్స్‌ఫర్ అవుతుంది, మీ పేరు మీద మీ యాప్‌లోకి వస్తుంది. వచ్చాక తేదీ చూడండి, ఈ రోజుదేనా? సెక్షన్, వరస చెప్పినవేనా? సీట్లు పక్కపక్కనేనా? ఇవన్నీ కళ్ళతో చూశాకే నోట్లు చేతిలో పెట్టండి. ముందు డబ్బు, తర్వాత ట్రాన్స్‌ఫర్ అనేవాడితో మాటే వద్దు.

బేరం ఎలా చేయాలంటే, వెళ్ళేముందు ఫోన్‌లో ఆ సెక్షన్‌కి యాప్ మొత్తం ధర చూసి పెట్టుకోండి. అదే మీ పైహద్దు. యాప్‌లో గ్యారంటీ ఉంది, వీధిలో లేదు, కాబట్టి అంతకంటే బాగా తక్కువైతేనే వీధి. నేనైతే అందులో సగంతో మొదలుపెడతాను. కావలసిన మొత్తాన్ని చిన్న నోట్లుగా ఒక జేబులో ఉంచుకోండి, పర్సు బయటికి తీయకండి. అమ్మానాన్నలని, పిల్లలని పక్కన పెట్టుకుని బేరమాడకండి. కుటుంబంతో వచ్చినవాడు వెనక్కి పోలేడని ఆయనకి తెలుసు. జాతీయగీతం అయిపోయి ఆట మొదలైన పది నిమిషాలకి ఆయన స్వరం మారుతుంది, ఇందాక 60 అన్నవాడే 30 అంటాడు. ఇద్దరు స్నేహితులు వెళ్ళినప్పుడు ఇది భలే సరదా. నలుగురు, అందులో ఇద్దరు పెద్దవాళ్ళు ఉన్నప్పుడు ఎండలో నిలబెట్టి ఈ సరదా తీర్చుకోమని మాత్రం చెప్పను.

వీధి స్కాల్పర్ కంటే నాకు భయం మన వాట్సాప్ గ్రూపులంటేనే. "బ్రో, రెండు టికెట్లు ఎక్స్‌ట్రా ఉన్నాయి, జెల్ చేయండి, పంపేస్తా." (జెల్ అంటే ఫోన్లోంచే బ్యాంకు డబ్బు పంపే పద్ధతి.) పేరు తెలుగు పేరే, ప్రొఫైల్‌లో తిరుమల ఫోటో. నా స్నేహితుడొకడు ఇలాగే డబ్బు పంపాడు, అవతలి నంబరు మరుక్షణం గ్రూపులోంచి మాయం. జెల్‌లో మనంతట మనం పంపిన డబ్బు తిరిగి రాబట్టడం దాదాపు అసాధ్యం. ముఖపరిచయం ఉన్నవాళ్ళయితే తప్ప, ట్రాన్స్‌ఫర్ ముందు రావాలి లేదా క్రెడిట్ కార్డు పనిచేసే యాప్ మధ్యలో ఉండాలి.

ఎఫ్-1, హెచ్-1బీ మీద ఉన్న కుర్రాళ్ళకి ఒక మాట, అడగకపోయినా చెబుతున్నాను. ఒక టికెట్ మిగిలిపోతే అమ్ముకోవడం వేరు. ప్లేఆఫ్ టికెట్లు గుత్తగా కొని లాభానికి తిప్పుతూ పోతే అది వ్యాపారం. దానికి పన్ను లెక్కలుంటాయి, వీసా మీద అనుమతి లేని పని కిందకి రావొచ్చు. పది టికెట్ల లాభం కోసం ఆ టెన్షన్ నెత్తికి ఎత్తుకోకండి. దిగేముందు ఇమ్మిగ్రేషన్ లాయర్‌ని అడగండి.

ఇంగ్లండ్‌లో ఉన్న మనవాళ్ళు పైదంతా చదివి ఫుట్‌బాల్ మ్యాచ్‌కి ప్రయోగించొద్దు. అక్కడ అనుమతి లేకుండా ఫుట్‌బాల్ టికెట్ తిరిగి అమ్మడం 1994 చట్టం ప్రకారం నేరం. వింబుల్డన్‌లో మాత్రం ఒక చక్కటి పద్ధతి ఉంది. మధ్యలో ఇంటికి వెళ్ళిపోయేవాళ్ళ షో కోర్టు (పెద్ద కోర్టు) సీట్లని నిర్వాహకులే తక్కువ ధరకి మళ్ళీ అమ్మి ఆ డబ్బు సేవా సంస్థలకి ఇస్తారు. సాయంత్రం పూట గ్రౌండ్స్ పాస్‌తో (పెద్ద కోర్టుల సీటు లేని ప్రవేశ టికెట్) లోపల ఉన్నవాళ్ళకి అది వరం. హైదరాబాద్, విశాఖల్లో క్రికెట్ టికెట్లు బ్లాక్‌లో అమ్మేవాళ్ళ మీద పోలీసులు కేసులు పెడుతుంటారు. ధర కూడా పైకే పోతుంది, కాబట్టి అక్కడ ఈ లెక్కలేవీ పనిచేయవు.

మంచి సీటంటే ఏమిటో తేల్చుకోకుండా చవక సీటు వెతికి లాభం లేదు. కొత్తవాళ్ళు 'కింద' అంటే మంచిదనుకుంటారు. అవుట్‌ఫీల్డ్ గోడ దగ్గర కింది సీటు కంటే, హోమ్ ప్లేట్ వెనక పై అంతస్తులో మొదటి రెండు మూడు వరసలు నా లెక్కన చాలా మేలు, ధర కూడా తరచు తక్కువే. క్రికెట్‌లో బౌలర్ వెనక నుంచి చూసేవాళ్ళకి ఈ కోణం వెంటనే అర్థమవుతుంది. బంతి వంపు, ఫీల్డర్లు ఎక్కడ నిలబడ్డారు, పరుగెత్తేవాడు ఎటు పోతున్నాడు, అన్నీ ఒక్క చూపులో కనిపిస్తాయి. యాంకీ స్టేడియంలో అలాంటివి 420 చుట్టుపక్కల సెక్షన్లు. అదే సెక్షన్‌లో పై వరసలకి వెళ్ళేకొద్దీ మెట్లు నిలువుగా ఉంటాయి, పెద్దవాళ్ళకి కళ్ళు తిరుగుతాయి. మోకాళ్ళ నొప్పులుంటే పై అంతస్తు మానేసి మధ్య అంతస్తులోని 200ల సెక్షన్లు చూడండి. లిఫ్ట్ దిగి కొద్దిగా నడిస్తే చాలు.

ఎండ గురించి చెబుతానన్నాను. మధ్యాహ్నం ఆటయితే మూడో బేస్ వైపు (హోమ్ ప్లేట్ వెనక నుంచి చూస్తే ఎడమ పక్క), హోమ్ ప్లేట్ వెనక ముందుగా నీడ పడుతుంది. మొదటి బేస్ (కుడి పక్క), కుడి అవుట్‌ఫీల్డ్ వైపు సాయంత్రం దాకా మాడాలి. పై అంతస్తు కప్పు కిందికి వచ్చే వరసలైతే ఇంకా నయం. మైదానానికి దగ్గర సీట్లలో వల రక్షణ ఎక్కడిదాకా ఉందో కూడా చూడండి. కొట్టిన బంతి తుపాకీ గుండులా వస్తుంది, ఫోన్ చూసుకుంటూ కూర్చునే చోటు కాదది. ఫెన్‌వే లాంటి పాత స్టేడియంలో ఇనుప స్తంభం వెనక సీట్లున్నాయి. 'చూపుకి అడ్డు' అన్న చిన్న మాట టికెట్ వివరాల్లో ఉందేమో చదవండి. కొనేముందు ఆ సెక్షన్ నుంచి జనం తీసిన ఫోటోలు పెట్టే సైట్లున్నాయి, ఒక నిమిషం చూడండి.

ఇక మీ నలుగురి సంగతి. ఒంటరి సీటు అన్నిటికంటే చవక, రెండు ఫర్వాలేదు, నాలుగు పక్కపక్కన కావాలంటే చివరి గంట దాకా ఆగడం జూదం. కాబట్టి మీరు ఇలా చేయండి. జూలైలో ఆల్-స్టార్ విరామం కాకుండా ఒక మంగళవారమో బుధవారమో, రాత్రి ఆట, పెద్ద పేరు లేని జట్టు. వారం ముందు నుంచి రోజుకోసారి 200ల సెక్షన్లలో నాలుగు సీట్ల మొత్తం ధర చూస్తూ ఉండండి. దాని పోకడ మీకే తెలుస్తుంది. ఆట ముందురోజు రాత్రో, ఆ రోజు ఉదయమో కొనేయండి. సాయంత్రం దాకా ఆగితే ఇంకో పదో పదిహేనో తగ్గొచ్చు, నాలుగూ కలిసి దొరక్కపోవచ్చు కూడా. అవసరమైతే ముందు వరసలో రెండు, వెనక వరసలో రెండు తీసుకోండి. అమ్మానాన్నల వెనకే మీరు కూర్చుంటే ఆట చెప్పడం కూడా తేలిక. టికెట్లన్నీ ఒక్క ఫోన్లోనే ఉంచుకోండి, బ్యాటరీ నిండుగా ఉంచండి. తిండి తీసుకెళ్ళొచ్చా, ఏ సైజు సంచి అన్నది క్లబ్ పేజీలో ఆ వారమే చూడండి, నియమాలు మారుస్తుంటారు. లోపల కొనే తిండి ధర చూస్తే పులిహోర విలువ తెలుస్తుంది.

ఇదంతా మీ అమ్మానాన్నలకి ఎక్కువ ప్రయాసగా తోస్తే ఇంకో దారి ఉంది. బ్రిడ్జ్‌వాటర్‌లో వెంకటేశ్వరస్వామి గుడికి ఎలాగూ తీసుకెళ్తారు. ఆ ఊళ్ళోనే యాంకీస్‌కి చెందిన డబుల్-ఏ (మేజర్ లీగ్‌కి కింది స్థాయి) జట్టు సోమర్సెట్ పేట్రియాట్స్ ఆడుతుంది. చిన్న స్టేడియం, మైదానానికి దగ్గర సీటు కూడా కౌంటర్లోనే తక్కువలో వస్తుంది, స్కాల్పర్ల గొడవే ఉండదు. గాయాల నుంచి కోలుకుంటున్న యాంకీస్ ఆటగాళ్ళు ఒక్కోసారి అక్కడ ఆడుతుంటారు. పొద్దున దర్శనం, సాయంత్రం ఆట, రాత్రి పదింటికల్లా ఇల్లు.

తేదీ ఖాయం చేసుకున్నాక మీరు చూస్తున్న సెక్షన్, వరస ఇక్కడ రాయండి. ఎండ, మెట్లు, వల చూసి అక్కడ కూర్చోవచ్చో లేదో చెబుతాను.